గంగుబాయి టార్చికి సంబంధం

మా గల్లీలో ఎవరి టార్చిలైటు వెలగాలన్నా, దానిలో వేసే సెల్లుకు ముందు అక్తర్ ఖాలా దగ్గర పెళ్లిచూపులు జరగాలి.

ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. గల్లీ అందరికీ ఖాలా, అంటే పిన్ని అయిన అక్తర్ బేగం బాన్సువాడలో పేరున్న సంబంధాల మనిషి. ఆమె కుదిర్చిన జంటల్లో ఒక్కటీ విడిపోలేదంటారు. విడిపోదామనుకున్నవాళ్లు కూడా ఆమెకు జవాబు చెప్పాల్సి వస్తుందని ఆగిపోయారట. ఈమధ్య పిల్లలు ఫోన్లలోనే ఒకరినొకరు చూసుకోవడంతో ఆమెకు పని తగ్గింది. సరిగ్గా అప్పుడే ఆమె మేనల్లుడు తౌహీద్ ఒక లిథియం సెల్లును దిండు మీద పెట్టి చార్జింగుకు వదిలేశాడు. సెల్లు పొంగింది, దిండు కాలింది. తౌహీద్‌కు ఏమీ కాలేదని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఖాలా మాత్రం కాలిన దిండును తిప్పి తిప్పి చూసి, "ఖాందాన్ అడగకుండ ఇంట్లకు తెచ్చుకుంటే గిట్లనే అయితది" అంది.

ఆ రోజు నుంచి గల్లీలోకి వచ్చే ప్రతి సెల్లూ ఆమెకు పెళ్లికొడుకే.

చూపులకు నన్ను వెంట తీసుకుపోయేది. సెల్లు మీద అక్షరాలు చీమకాళ్లంత ఉంటాయి మరి. నేను చదివింది తెలుగు ఎంఏ అని మొదటిసారే మనవి చేసుకున్నాను. "అక్షరాలు అక్షరాలే గదా ఆసిమా, చదువు" అంది. దుకాణంలో నలుగురి ముందు గొంతు పెగలని నేను, ఖాలా పుణ్యమా అని బస్టాండు దగ్గరి నగేశ్ దుకాణంలో నిలబడి వోల్టులూ ఆంపియర్లూ పద్యంలా పైకి చదివాను.

"దీని తాకత్ ఎంత?" అని ఖాలా అడిగింది.

"తొమ్మిది వేల తొమ్మిది వందల ఎంఏహెచ్" అన్నాడు నగేశ్, తానే కన్నంత గర్వంగా. "ఈడ రాసే ఉంది, సూడుండ్రి."

"ఈ సైజుల ఎంత మంచిదైనా మూడున్నర వేల కాడ ఆగుతది నగేశూ. జుక్కల్ల ఒక పిల్లగాడు గిట్లనే నూరెకరాలుందన్నడు. పోయి చూస్తే నూరెకరాల పక్కపొంటి ఇల్లుంది."

తర్వాత సంచీలోంచి బిర్యానీ మసాలాలు తూచే చిన్న తూకం తీసింది. ఆ సైజు మంచి సెల్లు నలభై అయిదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. నగేశ్ పెళ్లికొడుకు అందులో సగం కూడా తూగలేదు. నగేశ్ నీరసంగా, టార్చిలో వేసుకుంటారా, చారులో వేసుకుంటారా అని అడిగాడు. లోపల ఏమీ లేని మనిషే బయట ఎక్కువ రాసుకుంటాడని ఖాలా జవాబు.

పైతొడుగు కాస్త చిరిగినా ఒప్పుకోదు, బట్టలు చినిగినవాడు చూపులకొస్తాడా అంటుంది. రెండు సెల్లుల టార్చిలో ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ వేస్తే ఆమె దృష్టిలో అది ఈడు కుదరని పెళ్లి. ఎక్కువ చార్జి అయితే ఆపే రక్షణ లోపల ఉందా అని అడిగేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, పిల్లవాడికి తాగుడు అలవాటుందా అని వాకబు చేసినట్టు అడుగుతుంది.

ఇంతలో గంగుబాయి అవ్వ వ్యవహారం వచ్చిపడింది. మా పక్కింటి గంగుబాయికి ఊరి బయట ఎకరం వరి ఉంది. ఒకరోజు ఆమె టార్చి సెల్లును కొంగున ముడేసుకుని మా అరుగు మీద కూర్చుంది. అదే ముడిలో తాళంచెవులు. కాసేపటికి, నడుం కాడ ఏందో కాలుతున్నదంటూ లేచింది. ఖాలా ఒక్క అంగలో వచ్చి ముడి విప్పి దులిపింది. సెల్లు తొడుగు చిరిగి ఉంది, తాళంచెవులు రెండు కొసలకూ తగిలాయి, సెల్లు పెనంలా కాగింది. చల్లారాక దాన్ని ఇసుక బొచ్చెలో పెట్టి, ఆ సంబంధం రద్దు అని ప్రకటించింది.

గంగుబాయికి ఏడుపొక్కటే తక్కువ. వరి పొట్ట మీదుంది. కాలువ నీళ్ల వంతు ఈసారి తెల్లవారకముందే వస్తోంది. చీకట్లో గట్టు మీద పోయి మడికి నీళ్లు మళ్లించకపోతే వంతు దాటిపోతుంది, గింజ తాలవుతుంది.

"లైటు లేకుంట ఎట్ల పోవాలె బేగమక్కా?"

"మంచిది దొరికేదాక ఆగాలె."

"వరి ఆగుతదా?"

ఖాలా అప్పటికప్పుడు నగేశ్‌కు కబురు పంపింది. వంతుకు ముందురోజే నగేశ్ నిజామాబాదు నుంచి బిల్లుతో సహా ఒక సెల్లు తెప్పించాడు. నేను చదివాను: కంపెనీ పేరుంది, తాకత్ మూడు వేలే, రక్షణ ఉంది. తూకం సరిపోయింది. దానికి తగిన చార్జరులో పెట్టి, వట్టి బండల మీద ఉంచి, ఖాలా పక్కనే పీట వేసుకుని నిండేదాకా కదల్లేదు. సెల్లు గోరువెచ్చన కూడా కాలేదు. గల్లీ అంతా నిఖా ఖరారైనంత సంబరం. నేనైతే షర్బత్ కలిపాను.

అప్పుడు ఖాలా సెల్లును తన దగ్గరే ఉంచుకుని, "నడవడి చూడాలె. వారమాగు" అంది.

జీవితంలో మొదటిసారి నాకు ఆమె మీద కోపం వచ్చింది. మర్నాడు చీకటితోనే లేచి, గంగుబాయికి నా ఫోను లైటైనా చూపిద్దామని కాలువ వైపు పరుగెత్తాను.

గట్టు మీద అప్పటికే ఒక లైటు నడుస్తోంది. దాని వెనుక సల్వారు మోకాళ్లదాకా ఎత్తిపట్టుకున్న అక్తర్ ఖాలా, ఆమె వెనుక పారతో గంగుబాయి. కప్ప కనపడితే పది ఇళ్లకు వినపడేలా కేక పెట్టే మనిషి, బురదలో ఒక్కో అడుగూ "యా అల్లా" అంటూ వేస్తోంది.

"గంగుబాయి కోసం రాలే, సెల్లు నడవడి చూస్తున్న" అని నన్ను చూడగానే సంజాయిషీ ఇచ్చుకుంది.

మడికి నీళ్లెక్కాయి. తర్వాతి వంతుకూ ఆమే వచ్చింది. ఆ తర్వాతి వంతుకూ. వారం ఎప్పుడో దాటింది. ఒకనాడు నేనూ గట్టు మీద వాళ్ల వెంట నడుస్తూ, ఆ సెల్లు మొదటిరోజే పాసైపోయిందని, అడిగి తీసుకొమ్మని గంగుబాయి చెవిలో చెప్పాను.

"నాకెరికే బిడ్డా" అంది గంగుబాయి మెల్లగా. "మా ఇంటాయన సమ్మన్న పోయినకాడికెల్లి గీ గట్టు మీద ఒక్కదాన్నే నడుస్తున్న. లైటు ఉంటే తొవ్వ కనపడ్తది గని, ముచ్చట పెడ్తదా?"

ముందు నడుస్తున్న ఖాలా ఆగి, ఏం గుసగుసలని అడిగింది. అనుమానంగా సెల్లు బయటికి తీసి నా చేతిలో పెట్టింది. "ఇంకొక్కపారి మంచిగ చదివి చెప్పు. ఏమన్న ఐబు ఉందా?"

ఫోను వెలుగులో మళ్లీ చదివాను. వెంట్రుకవాసి లోపం కూడా లేదు. గంగుబాయి పార పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

"అక్షరాలు మరీ సన్నగున్నయి ఖాలా" అన్నాను. "నాకైతే నమ్మకం లేదు. కోతల దాకా చూడుండ్రి."

"నేను ముందుగాలే చెప్పిన గదా" అని ఖాలా గర్వంగా సెల్లు టార్చిలో వేసుకుని, గట్టు మీద కప్పకు దారి వదిలి, గంగుబాయిని ముందు నడవమంది.