మామగారి కుడికాలు

మా మామగారు బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. ఆయన కుడికాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. నేను కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుంటారు. ముందు బండికి ఎర్రలైటు వెలగడమే ఆలస్యం, లేని బ్రేకును దబ్‌మని తొక్కుతారు. ఆయన కాళ్ల కింద మ్యాట్ చిరిగింది, నా పరువు పోయింది.

"నా డ్రైవింగ్ మీద అంత అనుమానమేంటి మామయ్యా?" అని ఒకరోజు అడిగేశాను.

"నేను తొక్కట్లేదు బాబూ, అదే తొక్కేస్తోంది," అన్నారాయన.

నర్సింగ్ కాలేజీలో శరీరధర్మశాస్త్రం చెప్పే మా ఆవిడ వెనక సీట్లోంచి అందుకుంది. "నిజమేనండీ. ఏళ్ల తరబడి చేసిన పని చిన్నమెదడుకి బాగా ఒంటబట్టేస్తుంది. మనం ఆలోచించేలోపే నరాల్లోంచి కబురు కాలికి చేరిపోతుంది."

"అంటే, రిటైర్మెంట్ సంగతి పెద్దమెదడుకి చెప్పారు గానీ చిన్నదానికి ఎవరూ చెప్పలేదన్నమాట!" అంటూ మామగారు మీసం దువ్వుకున్నారు.

అంతలో ఓ కుక్క అడ్డమొచ్చింది. గబుక్కున బండి ఆపాను. పక్కనుంచి దబ్‌మని వినిపించింది, అది మామూలే. కానీ వెనకనుంచి కూడా ఇంకో దబ్ వినిపించింది!

అందరం తిరిగి చూశాం. మా ఆవిడ పక్కన కూర్చున్న, జన్మలో స్టీరింగ్ ముట్టని మా అత్తగారు మెల్లగా కాలు వెనక్కి లాక్కుంటున్నారు.

"నువ్వెందుకు తొక్కావే?" అన్నారు మామగారు.

"ఇన్నేళ్లూ మీ స్కూటర్ వెనక కూర్చున్నాను కదండీ! మీరు బ్రేకు వేస్తారో లేదోనని ముందు నేనే వేసేదాన్ని."