అత్తమ్మ ఒడి కొలతలు

మా పాప నందినికి ఆరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల నడుము నిలవదు. మెట్టుగూడలోని మా ఇంటికి ఎన్ని కుర్చీలు తెచ్చినా పక్కకు జారిపోయేది. ఒకసారి కుర్చీకి కట్టిన బెల్టు మెడకు చేరి ఊపిరాడక విలవిల్లాడింది. ఆ భయంతోనే వడ్రంగి కరీం భాయ్‌ని పిలిచాను.

టేపు తీయకముందే ఆయన అడిగాడు. "బిడ్డ ఏడ్వకుండ ఎక్కడ కూసుంటదమ్మా?"

"మా అత్తమ్మ ఒళ్లో," అన్నాను.

"అయితే ఆ ఒడినే కొలుద్దాం."

అత్తమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. "ఏందీ, ఈ వయసుల నన్ను కొలుస్తడా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం టేపు నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పాపను ఒళ్లో పెట్టుకున్న అత్తమ్మ ఒడి వెడల్పు, లోతు, పాప నడుముకు చుట్టిన చేయి ఎత్తు, అన్నీ నేనే కొలిచి చెప్పాను. ఆయన చెక్కముక్క మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి కుర్చీ తెచ్చాడు. దాని పక్కచెక్కలకు వరసగా రంధ్రాలున్నాయి. "బోల్టులు మార్చుకుంట పోతే బిడ్డతోటి కుర్చీ సుత పెరుగుతది," అన్నాడు. మేము అడగని చిన్న పీట ఒకటి దాని ఎదురుగా వేశాడు. "ఇది పెద్దమ్మకు."

పాప జారలేదు. అత్తమ్మ పీట మీద కూర్చుని పప్పన్నం ముద్ద అందించింది. పాప నోరు తెరవకుండా ఆమె ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆరేళ్లుగా ఆ ఒడిలో వీపు ఆనించి తిన్న పిల్ల, ముద్ద పెట్టే మనిషిని ఎదురుగా చూడటం అదే మొదటిసారి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. గోడవైపు తిరిగి కూర్చున్న మనిషికి తట్టింది.