టాల్బట్‌ల పెళ్లి, ఆండాళ్ పరీక్ష

ముప్ఫయ్యేళ్లపాటు మైక్రోస్కోప్‌లో చూసి రోగాల పేర్లు చెప్పిన డాక్టర్ ఆండాళ్, రిటైరయ్యాక అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊళ్లో ఊరికే కూర్చోలేకపోయింది. అడిగినవాళ్లకు వంశవృక్షాలు వెతికిపెట్టే వృత్తి ఒకటుందని విని, దాని సర్టిఫికెట్ కోసం 2012లో పరీక్షకు కట్టింది. రెండు వంశవృక్షాలు రుజువులతో తయారుచేసి పరీక్షాధికారి ఎదుట నిలబెట్టుకోవాలి. ఒకటి సొంతది, ఒకటి పరాయివాళ్లది. ఆండాళ్ జన్మలో పరీక్ష తప్పి ఎరగదు. ఈ వయసులో ఆ ముచ్చట తీర్చుకునే ఉద్దేశమూ లేదు.

పరాయివాళ్లుగా జార్జియాలో తరతరాలుగా ఉన్న టాల్బట్‌లను ఎంచుకుంది. పని చకచకా సాగి, కేథరిన్ దగ్గర ఆగిపోయింది. నూరేళ్లు దాటిన పెళ్లి రికార్డులో వరుడు హెన్రీ టాల్బట్, వధువు కేథరిన్ టాల్బట్. పెళ్లి కాకముందే పిల్లకు వరుడి ఇంటిపేరు ఎలా వస్తుంది? గుమాస్తా పొరపాటేనని ఆండాళ్ తేల్చేసింది. కేథరిన్ అసలు పుట్టింటివాళ్ల కోసం చుట్టుపక్కల కోర్టుల రికార్డులన్నీ నెల్లాళ్లు గాలించింది. ఎక్కడా దొరకలేదు.

వీకెండ్‌కి వచ్చిన కూతురు అనన్య ఆ కాగితాలు చూసింది.

"అమ్మా, వాళ్లు కజిన్స్ అయ్యుండొచ్చు కదా? ఇద్దరి డాడ్స్ బ్రదర్స్ ఏమో."

"ఛ, ఏం మాటలే అవి. అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్లవుతారు. వావీ వరసా ఉండక్కర్లేదూ?"

"నువ్వు నాన్నని మ్యారీ చేసుకున్నావు. నాన్న నీ కజినే కదా."

"మీ నాన్న మా మావయ్య కొడుకు. నాకు బావ. అది వేరు."

"వాళ్లకి వేరు కాదమ్మా."

పక్కగదిలోంచి భర్త గోపీనాథ్ నవ్వు వినపడింది. ఆండాళ్‌కి ముందు ఒళ్లు మండింది, తర్వాత సిగ్గేసింది. తన ఇంటి వరసలు తీసుకెళ్లి టాల్బట్‌ల నెత్తిన రుద్దిందన్నమాట. మర్నాడు హెన్రీ తాత వీలునామా తెప్పించి చూసింది. పెద్దకొడుకు కొడుకు హెన్రీ, చిన్నకొడుకు కూతురు కేథరిన్. పాపం గుమాస్తా సరిగ్గానే రాశాడు.

పరీక్షనాడు టాల్బట్‌ల గురించి ఎన్ని ప్రశ్నలు వేసినా తొణక్కుండా జవాబు చెప్పింది. తెల్లజుట్టు పరీక్షాధికారి తలూపి, ఆమె సొంత వంశవృక్షం ముందుకు లాక్కున్నాడు. కాసేపు చూసి ముఖం చిట్లించి, పెన్సిల్‌తో ఒక పేరు చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇక్కడ పొరపడ్డారు డాక్టర్. మీ అమ్మగారి అన్న పేరునే మీ మామగారి చోట కూడా రాశారు. అసలు మామగారెవరు?"

ఆండాళ్‌కి ఎక్కడలేని హుషారొచ్చింది. ఈయన గుమాస్తాను కాదు, ఏకంగా తననే తప్పుపడుతున్నాడు.

"పొరపాటు కాదండీ, ఇద్దరూ ఒక్కరే. మావయ్య కొడుకునే నేను పెళ్లి చేసుకున్నాను. రుజువులు వెనక పేజీల్లో ఉన్నాయి. ఫరవాలేదు, టాల్బట్‌ల దగ్గర నేనూ ఇలాగే నెల్లాళ్లు పోగొట్టుకున్నాను."

ఆయన ఆ పేజీలన్నీ నిదానంగా చదివాడు. చదివి, రబ్బరు తీసుకుని తను చుట్టిన సున్నాను చెరిపేసి, ఆమెకు చెయ్యి అందించాడు.

బయట కార్‌లో గోపీనాథ్ కాచుకుని ఉన్నాడు.

"ఏమైంది ఆండాళూ?"

"ముందు మీ నాన్న పాసయ్యాడు బావా, ఆయన వెనకే నేను," అంటూ ఆండాళ్ సీట్‌బెల్ట్ పెట్టుకుంది.