పిల్లిగద్దల లెక్కలో చిన్న అంకె

పోయిన వారం మహబూబాబాద్‌లో కంటి డాక్టరుకు చూపించుకుని ప్యాసింజర్ బండిలో డోర్నకల్ తిరిగి వస్తుంటే, గార్ల దాటిన తరువాత కిటికీలోంచి ఒక పిల్లిగద్ద కనిపించింది. మిర్చి ఎండబోసిన కల్లాల మీదుగా మనిషెత్తున తేలుతూ వచ్చి, జామాయిల్ తోట అంచుకు చేరగానే పక్కకు తిరిగింది. అదెటు పోయిందో చూసేలోపు బండి ముందుకు సాగిపోయింది. ఎదుటి సీటాయన ఫోన్‌లోంచి తలెత్తి, ఈ ముసలాయన మెడ ఎందుకింతగా తిప్పుతున్నాడా అన్నట్టు ఓసారి చూసి, మళ్లీ ఫోన్‌లో పడ్డాడు. ఆ తోట ఉన్నచోట ఏడెకరాల గడ్డి బీడు ఉండేదనీ, ఏటా ఎండలు ముదిరే ముందు నేనక్కడ పక్షులను లెక్కపెడుతూ కూర్చునేవాణ్ణనీ ఆయనకు చెప్పి ఏం లాభం? నా ఈడువాళ్లు మీరైతే కాస్త ఓపిగ్గా వింటారు.

నేను గూడ్సు బండి గార్డుగా పనిచేశాను. బండి వెనక పెట్టెలో గంటల తరబడి ఒంటరిగా కూర్చునేవాడికి పొలాలూ ఆకాశమూ తప్ప వేరే కాలక్షేపం ఉండదు కాబట్టి, పిల్లిగద్దలను నేను పేరు తెలియని రోజుల నుంచే ఎరుగుదును. అవి చలికాలానికి ఉత్తరాది నుంచి వస్తాయి, మోదుగుపూలు రాలే వేళకు తిరిగి వెళ్లిపోతాయి. చెట్టెక్కి పడుకోవు, పొద్దుగూకగానే గడ్డిలోకి దిగి నేలమీదే నిద్రపోతాయి. వెళ్లే ముందు పదిహేను రోజులూ ఎక్కడెక్కడివో వచ్చి ఒకే బీడులో దిగుతాయి. ఇదంతా నాకు చెప్పినవాడు జనగామ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక సార్. జీతం భత్యం లేని ఈ పనికి ఆయన జనగామ దగ్గర కొందరిని, అటు భూపాలపల్లి వైపు రేగొండ దగ్గర కొందరిని కుదిర్చి, మా బీడును నాకప్పగించాడు. మూడు చోట్లా ఒకే సాయంత్రం లెక్క జరగాలి.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బీడుకు అటొకరు ఇటొకరు కూర్చుని ఎవరి లెక్క వాళ్లు పెట్టుకోవాలి. దిగిన పక్షి మళ్లీ లేచి వేరేచోట దిగుతుంది గనుక ఒకదాన్నే రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉంది, కాబట్టి రెండు లెక్కల్లో చిన్న అంకెనే రాసి పంపాలి. నియమాలంటే నాకు ప్రాణం. ముప్పై ఏళ్లు జెండా ఊపినవాడికి అంతకన్నా ఏం అబ్బుతుంది?

బీడుకు తూర్పున కూర్చునేవాడు భాయ్. డోర్నకల్‌లో సైకిల్ రిపేరు దుకాణం ఆయనది, నాకన్నా నాలుగేళ్లు చిన్న. కాగితం మీద గీతలు గీస్తే ఆ లోపు పక్షి తప్పిపోతుందని, సైకిల్ చక్రంలో వేసే ఉక్కు గుండ్లు, అదే ఛర్రాలు, ఎడమ జేబు నిండా పోసుకొచ్చేవాడు. పక్షి దిగిన ప్రతిసారీ ఒక ఛర్రా కుడి జేబులోకి మారేది. మా మధ్య తుమ్మలు అడ్డం. ఒకరికొకరం కనిపించేవాళ్లం కాదు. చివరి పక్షి దిగాక నేను నా పాత గార్డు దీపం తలపైకెత్తి, కొమ్మల సందుల్లోంచి కనబడేలా పచ్చ రంగు చూపేవాణ్ణి. అది చూశాకే ఆయన చాప పరిచి నమాజు చేసుకునేవాడు. తరువాత ఇద్దరం గట్టు మీద కూర్చుని ఛర్రాలు లెక్కబెట్టేవాళ్లం. ఏ అంకె పైకి వెళుతుందో ఆయన ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ బీడు మా బావది, అంటే మా అక్క పెనిమిటిది. చుట్టూ అందరూ జామాయిల్ వేసుకుంటుంటే ఆయన మాత్రం నా మాట మీద దాన్ని దున్నకుండా ఉంచాడు. పక్షులు వచ్చినన్నాళ్లే ఉంచుతానని ముందే చెప్పాడు. ఏటా లెక్క తేలాక అది జనగామ కన్నా, రేగొండ కన్నా ఎక్కువని తెలిస్తే, హోటల్ దగ్గర నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. ఎన్నేళ్లు చూసినా యాభైకి తగ్గలేదు.

రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుగా వస్తుందని మీకు తెలుసు. అలా జరిగి జరిగి ఒక ఏడు మా లెక్క రోజుల్లోకి వచ్చింది. భాయ్ ఉపవాసంతోనే సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. నేనే బజారులో ఖర్జూరాలు కొని, పొట్లం ఆయన చేతికిచ్చి, నా పడమటి గట్టుకు వెళ్లాను. ఆ సాయంత్రం నా లెక్క యాభై ఒకటి. పచ్చ దీపం చూపించి అవతలికి వెళ్లేసరికి ఆయన చాప అప్పటికే మడిచి ఉంది. కుడి జేబులో ఛర్రాలు ఇరవై మూడు.

నా ఎడమ కంట్లో శుక్లం వస్తోందని దవాఖానలో అంతకు ముందే చెప్పి ఉన్నారు. నేనే ఒక్కోదాన్ని రెండుసార్లు చూసి ఉంటానని అనుకున్నాను. యాభై ఒకటి రాస్తే అడిగేవాడు లేడు, బీడూ నిలుస్తుంది. రాయబుద్ధయింది కూడా, దాచడం దేనికి? అయినా నియమం నియమమేనని ఇరవై మూడు రాశాను. ఆ రాత్రి నా నిజాయితీని చూసుకుని నేనే కొంచెం గర్వపడ్డాను.

మూడు చోట్లలోనూ మాదే తక్కువ. సార్ పంపిన లెక్కల కాగితం చూసి, బావ దాన్ని మడిచి నా చేతికే తిరిగిచ్చాడు.

"వచ్చేటియే లేకుంటే గీ బీడు ఎవలికోసం ఉంచాలె బామ్మర్దీ?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. తొలకరికి జామాయిల్ మొక్కలు నాటించాడు. పక్షులు తగ్గాయనే భాయ్‌కూ చెప్పాను.

ఆ మరుసటి ఏడాది రంజాన్‌లో ఒక సాయంత్రం భాయ్ దుకాణంలో కూర్చున్నాను. అజాన్ వినబడింది. ఆయన ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, చేతులూ కాళ్లూ కడుక్కుని, లోపల చాప పరిచాడు. గార్డు అలవాటు చొప్పున నా కళ్లు గడియారం మీదికి పోయాయి. లేచేసరికి పదిహేను నిమిషాలు. పిల్లిగద్దలు గుంపుగా దిగేది సరిగ్గా ఆ పదిహేను నిమిషాల్లోనే.

ఆ ఏడు బీడు దగ్గర కూడా ఇట్లనేనా అని అడిగాను.

"గంతే గద అన్నా. ఒక్కపొద్దు ఇడిసేది ఆలిశం జేయొద్దాయె," అన్నాడు ఆయన, గిన్నెలోని ఖర్జూరాలు నా ముందుకు జరుపుతూ. "నువ్వు అటుదిక్కు చూస్తనే ఉంటివి. నాకు తప్పినయి నీ లెక్కల ఉంటయ్ గద అనుకున్న."

ఖర్జూరం తీసుకున్నాను. అవి నా లెక్కలో ఉన్నా, పైకి వెళ్లింది ఆయన ఇరవై మూడేనని మాత్రం అనలేకపోయాను.

ఇప్పుడు లెక్కలు కుర్రవాళ్లు ఫోన్‌లో పెడుతున్నారు. ఎవరు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా చూశారో అందులో దానంతటదే పడుతుందట. మధ్యలో కళ్లు దించినా తెలిసిపోతుందట. మంచిదే. మా రోజుల్లో మనిషినే అడగవలసి వచ్చేది. నా చేత్తో ఖర్జూరాలిచ్చి, మడిచిన చాప కళ్లారా చూసి కూడా నేను అడగలేదు. బావకు ఆ తరువాత చెబితే నవ్వి, చెట్లు మోకాలెత్తు దాటినయి ఇంకేం చేస్తవన్నాడు.

నిన్న భాయ్ దుకాణానికి వెళ్లి, రైల్లోంచి ఒక పిల్లిగద్దను చూశానని చెప్పాను. చేతిలో పని ఆపి అది ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. తోట అంచుదాకా అన్నాను. అవి మన బీడును ఎందుకు విడిచిపెట్టాయో ఇప్పటికీ అంతుపట్టదని, ఆయన ఎప్పటిలాగే బాధపడ్డాడు. అవి విడిచిపెట్టలేదని తెలిసినవాణ్ణి ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఛాయ్ చల్లారేదాకా కూర్చుని ఇంటికొచ్చాను.