నూనె కాదు, నీళ్లు

పొద్దున్నే మీ కారు కీచుమని అరిస్తే ముందు ఏం చేస్తారు? బానెట్ ఎత్తుతారా, చక్రం కింద నిమ్మకాయ పెడతారా? కోకాపేటలో మేముండే ఎత్తైన భవనం కింద ఈ ఉదయం ఒక పాత కారు అలాగే అరిచింది. దాని యజమాని లోపల పాట శబ్దం పెంచుకుని వెళ్లిపోయాడు. చక్రం కింద నలిగిన నిమ్మకాయ వాసన, ఆ కీచు కలిసి నన్ను డెబ్బైల నాటి కోకాపేటకు, మల్లమ్మ అనే ఆవిడ వాకిట్లోకి తీసుకుపోయాయి.

అప్పుడిది బండరాళ్ల మధ్య చిన్న ఊరు. నేను కూకట్‌పల్లి వైపు ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండరును. అక్కడి డాక్టరు వసుంధరగారు గోదావరి జిల్లా నుంచి వచ్చారు. చిన్నా పెద్దా అందరినీ 'మీరు' అనేవారు. ఆమె పాత కారు ఇంజను అందుకోగానే సన్నగా ఏడ్చేది. ఊళ్లలో దానికి 'ఏడుపు బండి' అని పేరు. తాయెత్తులూ పసర్లూ అన్నీ అయ్యాకే ఆమెను పిలిచేవాళ్లు, అందుకే ఆ కారెక్కిన రోగుల్లో చాలామంది తిరిగి రాలేదు. ఆలస్యం చేసిన పనికి నింద మాత్రం కారు మోసేది.

డ్రైవరు యాదగిరి ఒకసారి ఫ్యాను బెల్టుకు ఆముదం రాశాడు. "ఇగ నోరెత్తదు మేడం, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు. నిజంగానే ఎత్తలేదు. నిజాంపేట దారిలో ఇంజను మాత్రం ఉడికిపోయి ఆగింది. జారే బెల్టు ఫ్యానును తిప్పలేకపోయింది మరి. "నోరు మూయించారు యాదగిరిగారూ, జబ్బు అలాగే ఉంది కదండీ" అని ఆమె నవ్వారు. ఇద్దరూ కలిసి బెల్టును సబ్బునీళ్లతో కడిగారు. ఏడుపు మళ్లీ మొదలైంది.

ఆ వానాకాలమే కోకాపేట నుంచి కబురొచ్చింది. మల్లమ్మ కోడలు లక్ష్మికి కాన్పు కష్టమైంది. మేం వెళ్లి చూసేసరికి బిడ్డ అడ్డం తిరిగి ఉంది. పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఆపరేషను చేయిస్తే తప్ప తల్లీబిడ్డా దక్కరని డాక్టరుగారు తేల్చేశారు. యాదగిరి ఇంజను తిప్పాడు. కారు ఏడ్చింది. మల్లమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"నా పెద్దకొడుకు గీ బండెక్కిండు, మళ్ల రాలె. ఆనాడు గూడ గిట్లనే ఏడ్చింది. కోడల్ని ఎడ్లబండిల తోల్కపోత."

మూఢనమ్మకాల మీద నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు. "ఆవిడ చూసింది అబద్ధం కాదు. కారు అరిచింది, మనిషి పోయాడు. రెండో దానికి మొదటిది కారణమా అన్నదే తేలాలి" అని మల్లమ్మ వైపు తిరిగారు. "మల్లమ్మగారూ, ఒక చెంబెడు నీళ్లు తెండి."

"నాకు గారేంది తల్లీ. దయ్యానికి నీళ్లు తాపుతవా?"

"తాగుతుందో లేదో మీరే చూడండి."

ఇంజను తిరుగుతుండగా బానెట్ ఎత్తి, చేయి దూరంగా ఉంచి బెల్టు మీద కాసిని నీళ్లు పోయమన్నారు. మల్లమ్మ పోసింది. అరుపు రెట్టింపయింది. జనం వెనక్కి జరిగారు. మల్లమ్మ జరగలేదు, చెవి ఒగ్గి వింది.

"గిర్నిల పట్టా వదులైతె గిట్లనే అంటది" అంది నెమ్మదిగా. పిండిమర గిర్నికి రోజూ జొన్నలు మోసే మనిషి ఆమె, అక్కడి బెల్టునే పట్టా అంటారు.

"అదేనండీ. తడిస్తే ఇంకా జారుతుంది, ఇంకా అరుస్తుంది. యాదగిరిగారూ, ఇంజను ఆపి బిగించండి."

యాదగిరి, ఆ బెల్టు తిప్పే డైనమో బోల్టు వదులు చేసి, జాకీ రాడ్డుతో డైనమోను బయటికి ఎగదోసి, మళ్లీ బిగించాడు. డాక్టరుగారు బెల్టును బొటనవేలితో నొక్కి చూశారు. అర అంగుళమే దిగింది, బిగువు సరిపోయింది. బెల్టు తుడిచి ఇంజను తిప్పారు. ఏడుపు లేదు. ఆ నిశ్శబ్దంలో ఇంట్లోంచి లక్ష్మి మూలుగు వినిపించింది. మల్లమ్మ గడప మీంచి పక్కకు తప్పుకుంది.

"జల్ది తోలు యాదగిరీ" అని తానూ ఎక్కి కోడలి తల ఒళ్లో పెట్టుకుంది.

తల్లీబిడ్డా ఇద్దరూ అదే కారులో తిరిగొచ్చారు. కొన్నాళ్లకు బెల్టు మళ్లీ వదులై అరిచినప్పుడు ఊళ్లో ఎవరో దయ్యమన్నారు. "దయ్యం లేదు గియ్యం లేదు, పట్టా వదులైంది" అని మల్లమ్మ కసిరింది. నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిపోవు.

వసుంధరగారు ఇప్పుడు లేరు. ఎవరైనా తమ భయం చెప్పుకుంటే, అందులో కళ్లారా చూసిందెంత, ఊహించుకున్నదెంత అని ఇప్పటికీ ముందు విడదీస్తాను. ఆ అలవాటు ఆమెది.

రేపు మీ కారు అరిస్తే పాట పెంచకండి. బానెట్ ఎత్తండి. పక్కింటాయన నిమ్మకాయ తెస్తే నవ్వకండి, నీళ్ల చెంబు ఆయన చేతికే ఇచ్చి బెల్టు మీద పోయమనండి.