మంచినీళ్లలో సముద్రపు పీతలు

కిషన్‌బాగ్ గల్లీల్లో నల్లానీళ్ల వాల్వులు తిప్పడం నా ఉద్యోగం. ఎవరింటికి ఏ పూట నీళ్లు రావాలో నా చేతిలో ఉండేది కాబట్టి, నీళ్ల గురించి నాకు తెలియనిది లేదని పెద్ద గర్వం.

నా భార్యది సముద్రపు ఒడ్డు ఊరు. కడుపులో క్యాన్సర్ ముదిరి, పోయిన ఎండాకాలం తిండి పూర్తిగా మానేసింది. పది రోజుల తరవాత నోరు తెరిచి ఒక్కటే అడిగింది, పీతల పులుసు. ఆ మాట ఫోన్‌లో వినగానే ఆమె తమ్ముడు రైలెక్కాడు. పెద్ద డబ్బాలో సముద్రపు నీళ్లు, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు, ఐదు నీలిరంగు పీతలు.

"ఇయి మీ పొలం పీతల్లాంటియి కావు బావా. ఇసకలో ఒళ్లు కప్పెట్టుకుని కళ్లు మాత్రం బయట పెడతాయి. ఎనక కాళ్లు చూడు, తెడ్లలాగ ఎలా ఉన్నాయో. వాటితోనే ఈదుతాయి. సముద్రం వదిలితే తొందరగా పోతాయి. సచ్చినదాన్ని వండకూడదు. సాయంత్రం దాకా కాస్త కనిపెట్టుకో."

"ఫికర్ చెయ్యకు బామ్మర్దీ, నేను చూస్కుంట గద," అన్నాను. ఆమెకు రక్తం ఎక్కించడానికి అక్కాతమ్ముళ్లిద్దరూ ఆసుపత్రికి వెళ్లారు.

మూత తీస్తే నురగ, బురద, వాసన. నాకు ఒళ్లు మండింది. ఇంత మురికిలో ఏ ప్రాణి బతుకుతుంది? చిన్నప్పుడు నేను పట్టిన ఎండ్రికాయలు, అవే మా పొలం పీతలు, చెంబెడు బావినీళ్లలో రెండు రోజులు బతికేవి. ఆ నీళ్లన్నీ మోరీలో పారబోసి, తేటగా వస్తున్న నల్లానీళ్లు నింపాను. పీతలు ఒక్కసారిగా లేచి డబ్బా అంతా ఈదాయి. హుషారొచ్చిందనుకుని సంబరపడ్డాను, మూర్ఖుణ్ణి. మధ్యాహ్నానికి ఐదూ వెల్లకిలా పడ్డాయి.

సాయంత్రం ఆటో దిగిన బావమరిది డబ్బాలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"ఉప్పేదీ బావా?" అంటూ కూలబడ్డాడు.

నా భార్య గడప మీద కూర్చుని నా ముఖం చూసింది. "పోన్లెండి. కాస్త గంజి పెట్టండి, తాగుతాను," అంది. ఆకలై కాదు, నా కోసం. రెండు చెంచాలు మింగి కక్కుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

బావమరిది మళ్లీ తెస్తానని అప్పటికప్పుడే స్టేషన్‌కు వెళ్లిపోయాడు. మూడో రోజు పొద్దున డబ్బా పట్టుకుని గల్లీలోకి వచ్చేసరికి మా ఇంటి ముందు టెంట్ వేసి ఉంది.

పీతలన్నీ బతికే ఉన్నాయి.