వసారా కథ

ఉదయగిరి బజారులో మా గుడ్డల అంగడికి ఎవరొచ్చినా గుడ్డకంటే ముందు అంగడి కథ వినాల్సిందే. గానుగలో తిప్పిన సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లపు నీళ్లూ పోసి కట్టిన గోడలు, పైన టేకు దూలాల మిద్దె. నాయన గోడను అరచేత్తో చరిచి మరీ చెప్పేవాడు. గిరాకీ ఉన్న రోజుల్లో నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఎనభైల్లో రోడ్డు వెడల్పు చేస్తామని ఓవర్సీరు టేపుతో వచ్చాడు. నాయన ఆయనకు కాఫీ తెప్పించి, టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు. "చాలా పాత కట్టడంలా ఉందే" అన్నాడాయన మాటవరసకు. అంతే, నాయన అందుకున్నాడు.

"గోడలు మా తాత కట్టించినవి సార్. ఈ వసారా మాత్రం మొదట్లో లేదు. బస్సు కోసం ఆడోళ్లు ఎండలో నిలబడతా ఉంటే చూళ్లేక, మా నాయన రోడ్డు మీదికి నాలుగడుగులు జరిపి కట్టినాడు. అప్పట్లో అడిగేవాళ్లెవురు?"

"నాయనా, సారు కాఫీ చల్లారిపోతా ఉండాది" అన్నాను.

"ఉండరా, చెప్పనీ."

ఓవర్సీరు అప్పటికే రాసుకుంటున్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నాయన నోరు మంచిదే. నెల తిరక్కుండా వసారా ఆక్రమణ అని నోటీసు వచ్చింది. ఇద్దరం ఆత్మకూరు రోడ్ల ఆఫీసుకు పోయాం. "మేం కల్పించిందేముంది పెద్దాయనా? మీరు చెప్పిందే గదా" అన్నాడు అక్కడి అధికారి, మర్యాదగానే. కసిరినా బాగుండేది, కనీసం పోట్లాడేవాణ్ణి. తిరుగు బస్సులో నాయన నోటీసును మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

కొట్టేసే రోజు గునపం వసారా గోడలోకి దిగలేదు, మొన వంగింది. నాయన నా భుజం పట్టుకొని, "చూసినావా! గచ్చు సున్నమంటే అదిరా" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఇంతలో పెద్ద సమ్మెట తెచ్చారు. నాయన చెయ్యి నా భుజం మీదే ఉండిపోయింది. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, కదలకుండా నిలబడ్డాను. మధ్యాహ్నం బస్సుకు వచ్చిన ఆడవాళ్లు అలవాటుకొద్దీ అక్కడికే వచ్చి, కొంగులు నెత్తిన కప్పుకొని ఎండలో నిలబడ్డారు.

ఆ తరవాత చాన్నాళ్లకు మర్రిపాడు లారీ డ్రైవరొకాయన లుంగీ కొనడానికి వచ్చి, గోడను తట్టి చూశాడు.

"భలే ఉండాదే! ఎవురు కట్టించినారు పెద్దాయనా?"

నేను కత్తెర పక్కన పెట్టి నాయన వైపు చూశాను. ఈసారి ఎంతసేపు చెప్పినా వినాలనుకున్నాను.

నాయన లుంగీ మడత పెడుతూ, "ఏమో, నాకు తెలీదు" అన్నాడు.